నేల తరగతి దాచిన క్రయాలు: రేనాటిలో కొన్నవాడు వెనుదిరిగే హక్కు

పెన్నేరు కొండను కోసుకొని పారిన గండికోటకూ, పాపాఘ్ని కొండను చీల్చుకొని బయటపడిన వేంపల్లె సమీపంలోని గండి క్షేత్రానికీ చుట్టుపక్కల పరచుకొని ఉన్న జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతం ప్రాచీన శాసనాల్లో రేనాడుగా కనిపిస్తుంది. ఇల్లో, ఇంటిస్థలమో బేరమాడి బయానా ఇచ్చిన తర్వాత అమ్మినవాడు చెప్పిన వివరాలు అబద్ధమని తేలి, కొనేవాడు వెనక్కి తగ్గిన తగాదాలు ఈ సీమలో ఏనాటి నుంచో ఉన్నవే. అయితే వాటి మూలాన్ని వెతికితే గోడల పగుళ్ల దగ్గర, దూలాలకు పట్టిన చెదల దగ్గర ఆగే తగాదాలు తక్కువగానూ, ఆ గోడలు నిలిచిన నేల ఏ తరగతికి చెందినదన్న ప్రశ్న దగ్గరికి చేరేవి ఎక్కువగానూ కనిపిస్తాయి. అది పట్టానా, ఇనామా, వంక పోరంబోకా, ప్రభుత్వం పేదవాడికిచ్చిన డీకేటీ భూమా అన్నది చూపుకు తెలిసే సంగతి కాదు. కాబట్టి వెనుదిరిగే హక్కు చరిత్ర చాలావరకు నేలను గురించి నిజం చెప్పవలసిన బాధ్యత ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందన్న చరిత్రే.

తెలుగులో లభించిన తొలి శాసనాల్లో ముందువరుసలో నిలిచే కలమళ్ల శాసనం ఈ సీమలోనిదే. ఎర్రగుంట్ల మండలంలోని ఈ శాసనం రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలానిది. దాని తేదీని పండితులు సుమారు క్రీ.శ. 575గా నిర్ణయించారు. రేనాటి చోళుల శాసనాల్లో భూదానాలు చెప్పిన చోట దానమిచ్చిన నేల కొలత, సాక్షులు, దానానికి అడ్డు వచ్చినవారికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయన్న శాపం కనిపిస్తాయి. అవి దానాలే గాని అమ్మకాలు కావు. అయినా నేల చేతులు మారేటప్పుడు కొలత, సాక్షి అనే రెండూ బహిరంగంగా ఉండాలన్న ఆలోచన ఈ సీమలో రాతి మీదికి ఎక్కిన కాలం అదే.

అమ్మకం రద్దును గురించి ధర్మశాస్త్రాలు చెప్పినది నేటి పాఠకుడు ఊహించేదానికంటే విస్తారమైనది. రాజు విచారించవలసిన పద్దెనిమిది వ్యవహార పదాల్లో, అంటే వివాదాల తరగతుల్లో, సొంతదారు కానివాడు అమ్మిన సందర్భానికి అస్వామి విక్రయమనీ, కొన్నందుకో అమ్మినందుకో పశ్చాత్తాపపడి బేరాన్ని తిప్పివేయాలనుకునే సందర్భానికి క్రయవిక్రయానుశయమనీ వేర్వేరు పేర్లున్నాయి. రెండో సందర్భంలో మనువు పది రోజుల గడువు ఇచ్చాడు. ఆ గడువు నేల వంటి త్వరగా చెడిపోని వస్తువులకే వర్తిస్తుందని వ్యాఖ్యాతలు సరిపెట్టారు. నారదుడు మరింత కచ్చితంగా లెక్క కట్టాడు: కొన్నరోజే తిరిగి ఇస్తే నష్టం లేదు, రెండో రోజు ఇస్తే వెలలో ముప్పయ్యో వంతు పోతుంది, మూడో రోజు అంతకు రెట్టింపు పోతుంది, ఆపైన సరుకు కొన్నవాడిదే. ముందే పరీక్షించి, ఇతరులకు కూడా చూపించి ఒప్పుకొన్న వస్తువును తిప్పి ఇవ్వడానికి వీల్లేదన్న నియమం కూడా అతనిదే. అయితే మంచి వస్తువును చూపించి దోషమున్న దాన్ని అంటగట్టినవాడికి ఈ గడువుల రక్షణ లేదు. అతడు వెలకు రెట్టింపు సొమ్ము కొన్నవాడికి, అంతే మొత్తం దండుగ రాజుకు కట్టాలి. మనసు మారి వెనుదిరగడానికీ, మోసపోయి వెనుదిరగడానికీ మధ్య ఉన్న తేడాను ఇంత తేటగా గుర్తించడం ఆ స్మృతికారుడి ఘనత అనే చెప్పాలి.

బేరం ఖాయమైనట్టు ముందుగా ఇచ్చే సొమ్మును సంస్కృత గ్రంథాలు సత్యంకారమన్నాయి, తెలుగులో అది సంచకారం లేదా సంచకరువు. దానితో కుదిరిన ఒప్పందం తప్పినవాడు తీసుకొన్న సొమ్ముకు రెట్టింపు ఇవ్వాలని యాజ్ఞవల్క్య స్మృతి విధించింది. 1804లో వెలువడిన ఫ్రెంచి పౌరస్మృతి కూడా కొనేవాడు తప్పుకొంటే బయానా పోగొట్టుకోవాలనీ, అమ్మేవాడు తప్పుకొంటే రెట్టింపు ఇవ్వాలనీ 1590వ అధికరణంలో చెప్పింది. నేడు ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో రాసుకొనే విక్రయ అగ్రిమెంట్లలో తరచు కనిపించే రెట్టింపు షరతు వెనుక ఇంత దూరపు బంధుత్వాలున్నాయి.

భూమి విషయంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్య. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలానికి చెందిన ఈ గ్రంథాన్ని అనుసరించి తిక్కన సమకాలికుడైన కేతన 13వ శతాబ్దంలో విజ్ఞానేశ్వరీయాన్ని తెనిగించాడు కాబట్టి, ఆ ధర్మం తెలుగు చదివేవారికి అందుబాటులోకి వచ్చి ఏడు వందల ఏళ్లు దాటింది. భూమి ఒకరి నుంచి మరొకరికి చెందాలంటే సొంత ఊరివారు, జ్ఞాతులు, పక్క పొలాలవారు, దాయాదులు అనుమతించాలనీ, బంగారం, ఉదకం ధార పోయాలనీ ఒక పాత వచనాన్ని విజ్ఞానేశ్వరుడు ఎత్తిచూపి, దాని అర్థాన్ని విడమరిచాడు. ఊరి అనుమతి క్రయం పదిమందికి తెలియడానికనీ, పక్క పొలాలవారి అనుమతి గెట్టు తగాదాలు రాకుండా ఉండడానికనీ, వారి ఇష్టం లేకపోతే అమ్మకం చెల్లకపోవడమంటూ లేదనీ అతని వివరణ సారాంశం. అంటే ఆ ఏర్పాటులో కొనేవాడికి నేల వివరాలు చెప్పేవాడు అమ్మేవాడొక్కడే కాడు. ఊరంతా చెబుతుంది, లేదా ఊరంతా ఊరుకొని ఒప్పుకొంటుంది. స్మృతుల్లో ఉన్నదంతా రేనాటి పల్లెల్లో జరిగిందని అనుకోవడం పొరపాటు. కాని నలుగురు పెద్దమనుషుల ఎదుట, హద్దుదారుల సమక్షంలో క్రయచీటి రాసుకొనే ఆచారం ఇటీవలి దాకా నిలిచిందంటే ఆ ఆలోచనకు వేళ్లు లోతుగానే ఉన్నాయి.

1800 అక్టోబరు 12న కుదిరిన సంధితో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకోగా, ఈ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా పనిచేశాడు. 33 అడుగుల గొలుసుతో ఆయన చేయించిన కొలత పొలాన్ని ఎకరాలు, గుంటలుగా విడగొట్టింది, ఆ గొలుసు పొడవూ వెడల్పూ గల చతురస్రం ఒక గుంట, అవి 40 అయితే ఎకరం. మలబారులో ఉన్నటువంటి సొంత భూమి హక్కు ఈ మండలాల్లో లేదనీ, శిస్తు భారం వల్ల నేలకు అమ్మకపు విలువ లేకుండా పోయిందనీ భావించిన మన్రో, 1807లో శిస్తును నాలుగో వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. ఈ సంగతి ప్రస్తుత విషయానికి దూరంగా కనిపించవచ్చు గాని నిజానికి దీనికి మొదలు అదే. శిస్తు తగ్గిన కొద్దీ నేలకు ధర వచ్చింది, ధర వచ్చిన నేలకు కొనేవాడు వచ్చాడు, కొనేవాడితో పాటే అతనికి అబద్ధం చెప్పి లాభపడగలిగినవాడూ వచ్చాడు.

ఊరి తీర్పుకు ఆ కాలంలోనే హద్దు పడింది. 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్లు గ్రామ మునసబులకు పది రూపాయల దాకా సొమ్ము, చరాస్తి దావాలు విచారించే అధికారమిచ్చాయే గాని నేల మీది హక్కును తేల్చే అధికారం ఇవ్వలేదు. దస్తావేజుల నమోదుకు 1802లోనే పదిహేడో రెగ్యులేషన్ వచ్చినా, వంద రూపాయలకు తక్కువ కాని స్థిరాస్తి పత్రాలకు నమోదు తప్పనిసరి అయినది 1864 చట్టంతో. ఆ తర్వాత 1866, 1871, 1877 చట్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి, చివరికి నేటికీ అమల్లో ఉన్న 1908 చట్టంగా స్థిరపడ్డాయి.

ఈ కొత్త కాగితంలోకి పాత భాష చెక్కుచెదరకుండా వచ్చి చేరింది. నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలనే అష్టభోగాలు, అంటే పాతిన ధనం మొదలు ఇకముందు కలగబోయే రాబడి వరకు నేల మీద అనుభవించదగిన ఎనిమిది విధాల హక్కులు, విజయనగర కాలపు దానపత్రాల్లో ఉన్నట్టే సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట కూర్చున్న దస్తావేజు లేఖరి కలంలోనూ నిలిచాయి. వాటితో పాటు చెక్కుబందీ, అంటే తూర్పు పడమర దక్షిణ ఉత్తరాల హద్దుల వివరం, తప్పనిసరి భాగమైంది. ఊరి నడుమ ఉండే నివాస స్థలాన్ని గ్రామకంఠంగా ఒకే మొత్తంగా లెక్కించి విడివిడి ఇళ్లకు సర్వే నంబర్లు ఇవ్వకపోవడం వల్ల, పల్లెలో ఇంటికి ఈ హద్దులే ప్రాణం. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు సాధారణంగా హద్దులదే పైచేయి అని న్యాయస్థానాలు చెబుతూ వచ్చినందున, నాలుగు సెంట్లని నమ్మి కొన్నవాడికి హద్దుల మధ్య మూడున్నర సెంట్లే తేలితే ఆ లోటు చాలాసార్లు అతని నెత్తినే పడింది. కొలమానాల తేడా ఈ చిక్కును పెంచింది: సెంటు అంటే ఎక్కడైనా 435.6 చదరపు అడుగులే గాని, అంకణం నెల్లూరు వైపు 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36.

వెనుదిరిగే హక్కుకు ఇప్పటికీ ఆధారంగా ఉన్న నియమాలు పందొమ్మిదో శతాబ్దపు చివరి భాగంలో వచ్చినవి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం మోసాన్నీ, తప్పుడు ప్రకటననూ వేరుచేసింది. అబద్ధమని తెలిసి చెప్పడం మోసం, నిజమని నమ్మి తప్పు చెప్పడం తప్పుడు ప్రకటన. రెండింటిలోనూ నష్టపోయినవాడు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చునని 19వ సెక్షను చెబుతుంది. అయితే మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకొనే వీలుండి కూడా తెలుసుకోనివాడికి తప్పుడు ప్రకటన విషయంలోనూ, మౌనంతో చేసిన మోసం విషయంలోనూ ఆ హక్కు లేదని అదే సెక్షనులో మినహాయింపు ఉంది. దీని బరువు తెలియాలంటే 1881లో ఇంగ్లండులో తీర్పు వెలువడిన రెడ్‌గ్రేవ్ – హర్డ్ దావాతో పోల్చి చూడాలి. బర్మింగ్‌హామ్ న్యాయవాది రెడ్‌గ్రేవ్ తన వృత్తిలో భాగస్వామ్యంతో పాటు ఇంటిని 1,600 పౌండ్లకు అమ్మజూపుతూ వృత్తి రాబడిని ఎక్కువ చేసి చెప్పాడు. నూరు పౌండ్ల బయానా ఇచ్చిన హర్డ్, రాబడి అంత లేదని తేలాక మిగిలిన సొమ్ము కట్టనన్నాడు. చేతికి అందుబాటులో ఉన్న కాగితాలను అతడు సరిగా చూసుకోలేదన్న వాదనను న్యాయమూర్తి జెస్సెల్ తోసిపుచ్చాడు. అబద్ధం చెప్పినవాడు, నన్నెందుకు నమ్మావని ఎదుటివాణ్ణి నిలదీయరాదన్నది ఆ తీర్పు సారం. మోసం రుజువు కాని ఆ దావాయే మద్రాసు రాజధానిలో నడిచి ఉంటే 19వ సెక్షను మినహాయింపు హర్డ్‌కు అడ్డుపడి ఉండేది. కాగితం చదవడం రానివారు అత్యధికులైన దేశంలో కొనేవాడి మీద ఇంగ్లండుకంటే ఎక్కువ జాగ్రత్త భారం మోపడం న్యాయంగా కనిపించదు.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ఆ భారాన్ని కొంత తగ్గించింది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు పరిశీలనతో బయటపడని ముఖ్యమైన లోపం ఆస్తిలో గానీ హక్కులో గానీ ఉంటే దాన్ని అమ్మేవాడు తానుగా చెప్పాలని 55వ సెక్షను విధించింది. చెప్పకపోవడం మోసంతో సమానమంది. నల్లరేగడిలో కట్టిన ఇంటి గోడ పగులు కళ్లెదుటే ఉంటే అది కొనేవాడు చూసుకోవలసినది, సున్నంతో పూడ్చి దాచినది అమ్మేవాడు చెప్పవలసినది. న్యాయంగా తిరస్కరించి వెనుదిరిగిన కొనుగోలుదారుకు తానిచ్చిన బయానా, ఖర్చుల మేరకు ఆ ఆస్తి మీదే చార్జి, అంటే తాకట్టు వంటి హక్కు, ఉంటుందని కూడా అదే సెక్షను చెప్పింది. ఇక సహేతుకమైన సందేహానికి తావులేని హక్కును ఇవ్వలేని అమ్మకందారు, కొనేవాడిని కోర్టు ద్వారా బలవంతంగా కొనిపించలేడని 1877, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టాలు రెండూ ఒకే మాట చెప్పాయి. రేనాటి సీమలో ఎక్కువగా పనికివచ్చినది ఈ చివరి నియమమే, ఎందుకంటే ఇక్కడ సందేహానికి కరువు లేదు.

ఆ సందేహాలకు మూలం రెవెన్యూ రికార్డు. సర్వే, సెటిల్‌మెంటు జరిగి ఆర్.ఎస్.ఆర్. అనే శాశ్వత రిజిస్టరు తయారైనప్పుడు కొన్ని సర్వే నంబర్ల ఎదుట హక్కుదారు పేరు రాయవలసిన గడిలో చుక్కలు మాత్రమే పెట్టి వదిలేశారు. వీటినే చుక్కల భూములంటారు. ఆ చుక్కల అర్థం ప్రభుత్వ భూమి అనా, పేరు తేలలేదనా అన్న ప్రశ్న తరాలు గడిచాక, ఆ నేల ప్లాట్లుగా మారి ఇళ్లు లేచాక బయటపడింది. పన్నెండేళ్లకు పైగా స్వాధీనంలో ఉన్నవారి హక్కును రికార్డుకెక్కించడానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. దరఖాస్తు మీద పేదలకిచ్చిన డీకేటీ పట్టా భూముల సంగతి మరొకటి. వీటి అమ్మకాన్ని 1977 నాటి తొమ్మిదో చట్టం నిషేధించింది, కొన్నవాడి నుంచి నేలను తిరిగి తీసుకొనే అధికారాన్ని అధికారులకు ఇచ్చింది. ఇచ్చి ఇరవై ఏళ్లు నిండిన భూముల విషయంలో 2023 సవరణ ఆ పట్టును సడలించింది. గుడి మాన్యాలు, సర్వీసు ఇనాములు 1956 ఇనాము రద్దు చట్టం తర్వాత కూడా తమ చిక్కులను తమతోనే ఉంచుకొన్నాయి. ఈ తరగతులన్నిటినీ కలిపి నమోదుకు వీల్లేని జాబితాలో చేర్చే 22ఏ సెక్షను రిజిస్ట్రేషన్ చట్టంలో రాష్ట్ర సవరణగా వచ్చాక, బయానా ఇచ్చి రిజిస్ట్రేషనుకు పోయినవాడికి తన స్థలం నిషిద్ధ జాబితాలో ఉందన్న కబురు కౌంటరు దగ్గరే తెలియడం సాధారణమైంది.

నీటి విషయంలోని అబద్ధం వేరే రకం. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వగా ప్రభుత్వం 1882లో కొన్న కర్నూలు–కడప కాలువ ప్రొద్దుటూరు ప్రాంతంలో మాగాణికీ మెట్టకూ మధ్య ధరలో పెద్ద అంతరం తెచ్చింది. గండికోట జలాశయం కింద తాళ్ళప్రొద్దుటూరు, కొండాపురం వైపు ఊళ్లు మునకకు గురైన కాలంలో నేల ఉంటుందా అన్నదే ప్రశ్నగా మారింది. భూసేకరణకు ప్రాథమిక ప్రకటన వెలువడ్డాక ఆ నేల మీద లావాదేవీలు జరపరాదని 2013 చట్టం స్పష్టం చేసింది.

ఈ వివరాలన్నీ తెలిసిన ఒకే వ్యక్తి ఊళ్లో ఒకప్పుడు ఉండేవాడు. చిట్టా, అడంగలు తన ఇంట్లోనే పెట్టుకొన్న కరణం, ఏ చేను ఎవరిదో, దేని మీద ఏ మడత పేచీ ఉందో నోటికి చెప్పగలిగేవాడు. చెప్పకుండా దాచగలిగేవాడు కూడా అతడే. 1984 జనవరిలో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దవడంతో ఆ జ్ఞానం, దానితో పాటు ఆ పెత్తనం, కాగితాలకు బదిలీ అయింది. కాని సబ్ రిజిస్ట్రారు లావాదేవీని నమోదు చేస్తాడే తప్ప అమ్మినవాడి హక్కును విచారించడు. ఈసీగా పేరుపడ్డ భార ధ్రువపత్రంలో నమోదైన దస్తావేజులే కనిపిస్తాయి గాని నోటిమాట పంపకాలు, నమోదు కాని అగ్రిమెంట్లు కనిపించవు. ఊరి సాక్ష్యం పోయిన చోట దానికి సరిసమానమైనది ఏదీ రాలేదు.

అందువల్ల వెనుదిరగడం చట్టంలో ఉన్నంత సులువుగా ఆచరణలో ఉండదు. అగ్రిమెంటులో ప్రభుత్వ విలువను మాత్రమే చూపి మిగిలినది చేతి మీద ఇచ్చే అలవాటు వల్ల, బేరం రద్దయినప్పుడు కాగితం మీద ఉన్న సొమ్ము ఒక్కటే అడగదగినదిగా మిగులుతుంది; మిగిలిన భాగం పెద్దమనుషుల పంచాయితీకే వదిలేయవలసి వస్తుంది. బయానా తిరిగి ఇప్పించాలన్న కోరిక దావాలోనే లేకపోతే కోర్టు దాన్ని ఇప్పించదన్న నిర్దిష్ట ఉపశమన చట్టం 22వ సెక్షను నియమం తెలియక నష్టపోయినవారూ ఉన్నారు. రిజిస్ట్రేషను పూర్తయ్యాక సంగతి మరీ బిగుసుకొంటుంది: ఒక పక్షం ఒంటరిగా రద్దు దస్తావేజు రాసి క్రయాన్ని తుడిచివేయలేదని ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన తోట గంగాలక్ష్మి దావాలో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది.

హక్కుకు ప్రభుత్వమే పూచీపడే పద్ధతిని 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్ ప్రవేశపెట్టాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే, 2022 నాటి భూహక్కుల చట్టం ఆ దారిలో నడవబోయాయి. ఆ చట్టం 2024లో రద్దయింది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, తప్పుడు ప్రకటనను నమ్మి కొన్నవాడికి ప్రాజెక్టు నుంచి తప్పుకొని పూర్తి సొమ్ము వడ్డీతో పొందే హక్కును 12వ సెక్షనులో ఇచ్చింది. రాతపూర్వక ఒప్పందం నమోదు కాకుండా పదో వంతుకు మించి బయానా తీసుకోరాదని నిషేధించింది. అయితే అది బిల్డర్లు వేసే, 500 చదరపు మీటర్లకో ఎనిమిది ఇళ్లకో మించిన ప్రాజెక్టులకే పరిమితం. ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో ఒకరి పాత ఇంటిని మరొకరు కొనే క్రయానికి నేటికీ వర్తించేది 1882 చట్టంలోని 55వ సెక్షనే. మోసంతో రాయించుకొన్న దస్తావేజును రద్దు చేయమని కోరడానికి ఆ మోసం తెలిసిన నాటి నుంచి గడువు మూడేళ్లు.